మూడో ట్రాక్

గోడ మీద తన బొమ్మ చూసి ఎవరాల్డ్‌కి సంతోషం కలగలేదు. పోలిక కుదరక కాదు, మరీ బాగా కుదిరినందుకు. అతనికి ఇరవై రెండేళ్ళప్పటి ఫొటో చూసి వేసింది కెరీన్. బేస్ గిటారు తీగల మీద వంగిన వేళ్ళు, పక్కకి కాస్త ఒరిగిన ముక్కు, లోకంలో తనంతవాడు లేడన్నట్టు ఆ పెదవుల విరుపు. ఆ కుర్ర మొహంలోని నిమ్మళం చూస్తే ముసలి ఎవరాల్డ్‌కి ఒళ్ళు మండింది.

"ముక్కు కాస్త తగ్గించమంటారా అంకుల్ బేసీ?" నిచ్చెన మీద నుంచి అడిగింది కెరీన్.

"ఉన్నదే అంత. తగ్గిస్తే ఊరు నమ్మదు."

బేస్ వాయించేవాణ్ణి కింగ్‌స్టన్‌లో ఎవరైనా బేసీ అనే పిలుస్తారు. అసలు పేరు తల్లికీ చర్చికీ తప్ప ఎవరికీ గుర్తుండదు. ఈ రాక్‌ఫోర్ట్ పేటలో అయితే చిన్నపిల్లలకి కూడా అతను అంకుల్ బేసీయే.

రోడ్డు పొడవునా సాగే ఆ గోడని మధ్యమధ్య స్తంభాలు నాలుగు భాగాలు చేశాయి. మొదటి భాగంలో పాటగాడు టలీ, మైకు మింగేస్తాడేమో అన్నంత నోరు తెరిచి. రెండోదాంట్లో ఎవరాల్డ్. మూడోదాంట్లో డ్రమ్మర్ పెప్పర్, పోయి పద్దెనిమిదేళ్ళు. నాలుగోది ఆర్గన్ వాయించిన క్లింటన్, అతనూ లేడు. సోమవారం హీరోస్ డే, దేశమంతా సెలవు. ఆ రోజు మధ్యాహ్నం ఈ గోడ ముందు మైదానంలోనే రాక్‌ఫోర్ట్ లాంటర్న్స్ బృందానికి యాభై ఏళ్ళ పండగ. ఇది గురువారం పొద్దున.

"శనివారం పేర్లు రాసేస్తాను," అంది కెరీన్, కుంచె డబ్బా అంచుకి తుడుస్తూ. "మొదట్నించీ ఉన్నవాళ్ళు ఈ నలుగురేగా?"

ఎవరాల్డ్ నోరు తెరిచాడు. కానీ అప్పటికే రోడ్డవతల నుంచి టలీ వచ్చేశాడు. డెబ్బై నాలుగేళ్ళ వయసులోనూ నడుస్తుంటే స్టేజీ ఎక్కుతున్నట్టే ఉంటాడు.

"నలుగురే! నాలుగు కోళ్ళ మంచం. ఇంకో కోడు ఎక్కడ పెడతావమ్మా?" అన్నాడు టలీ. తన బొమ్మ దగ్గరకెళ్ళి తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "పళ్ళు ఇంకా తెల్లగా వెయ్యి. అప్పట్లో నా నవ్వుకి బస్సులు ఆగేవి."

"ఇప్పుడు నవ్వండి, ఆగుతాయేమో చూద్దాం," అంది కెరీన్.

ముగ్గురూ నవ్వారు. ఎవరాల్డ్ నవ్వు ముందుగా ఆగిపోయింది. ఐదో మనిషి ఉంది. ఆ సంగతి టలీకీ తెలుసు. ఆ మనిషి గొంతు వాళ్ళకి పేరు తెచ్చిన పాటలోంచి ఎలా పోయిందో మాత్రం బతికున్నవాళ్ళలో ఎవరాల్డ్ ఒక్కడికే తెలుసు. తేలు కుట్టిన దొంగలా నిలబడి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం టలీ ఇంటి వెనక రేకుల షెడ్డులో రిహార్సల్. లోపల ఉక్కపోత. డ్రమ్మర్ కొత్తవాడు, పెప్పర్ తర్వాత వచ్చిన వాళ్ళలో ఏడోవాడు. ట్రోంబోన్ వాయించే డాల్టన్‌కి ఇంకా పాతికేళ్ళు లేవు. లాంటర్న్స్‌లో చేరి నెలే అయింది. అయినా ఆ నాలుగు మాత్రల బాకా ముక్క అతనికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. 'తెల్ల దుమ్ము' పాటలో చరణానికీ చరణానికీ మధ్య వచ్చే ఆ ముక్క ఈ దీవిలో గాడిదకి కూడా వచ్చు.

"అక్కడ ఊపిరి పట్టు," అన్నాడు టలీ. "తోసుకుని రావద్దు. వాన కొండ దిగినట్టు రావాలి."

డాల్టన్ మళ్ళీ వాయించాడు. బాగా వాయించాడు. ఆ నాలుగు మాత్రలు మోగినంతసేపూ ఎవరాల్డ్ తల పైకెత్తలేదు. యాభై ఏళ్ళుగా ఎత్తలేదు. జనం అది అతని ధోరణి అనుకుంటారు. ఒసాకాలో ఒకసారి ఒక నడివయసు ఆసామి తెర వెనకకి వచ్చి, అతని కుడిచేతికి నడుం వంచి దణ్ణం పెట్టాడు. ఆ బేస్ వినే తాను బతికానన్నాడు దుబాసీ చేత. ఎవరాల్డ్ ఆ చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ చేతివేళ్ళే మూడు పైకెత్తాడు, ఆ పాట రికార్డు చేసిన రోజు.

అప్పటి టేపులో నాలుగే ట్రాకులు. ఒకదాంట్లో డ్రమ్స్, వాటితోబాటే ఆర్గనూ గిటారూ. రెండోదాంట్లో బేస్. మూడోదాంట్లో ఆ ఐదో మనిషి, ఐసిల్డా గొంతు, చరణాల మధ్య ఒంటరిగా పైకి లేచి టలీ గొంతుని అందుకునే వరస. నాలుగోది టలీ. ఐసిల్డా పొద్దున పాడేసి బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టుకి పరుగెత్తింది. ఇంకో రికార్డింగు ముగించుకుని బాకాలవాళ్ళు ముగ్గురు అదే వీధిలో పోతుంటే టలీ బతిమాలి లోపలికి పంపాడు. తాను తిండి తేవడానికి వెళ్ళాడు. వాళ్ళకున్న తీరిక పావుగంట.

"చోటు లేదు," అన్నాడు ఇంజనీరు, చెవులకున్న హెడ్‌ఫోన్లు తియ్యకుండానే. "డ్రమ్స్‌నీ బేస్‌నీ రెండో మిషన్ మీద ఒకే ట్రాక్‌లోకి కలిపెయ్యొచ్చు. కానీ బేస్ మసకబారుతుంది. లేదంటే ఆ పిల్ల గొంతు తీసెయ్యాలి. ఏది? తొందరగా చెప్పు."

బృందంలో అప్పుడు అక్కడ ఉన్నది ఎవరాల్డ్ ఒక్కడే. మూడు రాత్రులు నిద్ర మాని కట్టుకున్న బేస్ వరస. అది మసకబారడం అతనికి ఊహకే అందలేదు. నోటితో చెప్పడానికి మొహం చెల్లలేదు కాబోలు, అద్దం అవతల నుంచి మూడు వేళ్ళు చూపించాడు. ఇంజనీరు తలూపి మీట నొక్కాడు. టేపు తిరిగింది. బాకాలు మోగాయి. ఒక మనిషి గొంతు పోవడానికి పట్టింది నాలుగు నిమిషాలు.

అన్నిటికంటే పెద్ద బాధ ఒకటుంది. పాటకి అదే మంచిదైంది. ఆ బాకా, దాని కింద ఆ బేస్ లేకపోతే లాంటర్న్స్ ఈ వీధి దాటేవాళ్ళు కాదు. తప్పు చేసి నష్టపోతే మనిషి కొంతైనా తేలికపడతాడు. అతను తప్పు చేసి బాగుపడ్డాడు.

రిహార్సల్ అయ్యాక టలీ గుమ్మంలో కూర్చుని వేయించిన చేపా కర్రపెండలంతో చేసిన బామీ రొట్టే తింటున్నాడు. ఎవరాల్డ్ పక్కన చతికిలబడ్డాడు.

"ఐసీ పేరు కూడా గోడ మీద పెడదాం టలీ."

"ఏ ఐసీ?"

"ఎన్ని ఐసీలున్నారు?"

టలీ ముల్లు తీసి పక్కన పెట్టాడు. "ఒక్కరోజు పాడింది. ఆ ఒక్కరోజుదీ రికార్డులో లేదు. దానికి గోడెక్కిస్తే నాకు టీ పోసిన ముసలమ్మని కూడా ఎక్కించాలి."

"రికార్డులో లేకపోవడానికి నేనే కారణం. ఇంజనీరు కాదు. నేను చెరిపించాను."

టలీ నమలడం ఆపాడు. ఎవరాల్డ్ కేసి చూశాడు. మళ్ళీ నమిలాడు. "ఊ. అయితే?"

"అయితే ఏమిటి?"

"మంచి పని చేశావు. ఆ బాకాయే కదా మనల్ని జపాను ఎక్కించింది." టలీ వేళ్ళు నాకాడు. "చూడు బేసీ, సోమవారం పండగ. చచ్చిన కుక్కని తవ్వి ముక్కు మూసుకోకు."

టలీకి తెలిసింది సగమే. గొంతు చెరిపిన రోజు సాయంత్రం ఐసిల్డా ఫ్యాక్టరీ నుంచి అలిసిపోయి వస్తూ సందు మొగలో ఆపి, "నాది ఎలా వచ్చింది ఎవరాల్డ్?" అని అడిగింది. అతను చెరిపించానని చెప్పలేదు. "శ్రుతి తప్పిందట ఐసీ. ఇంజనీరు తీసేశాడు," అన్నాడు. ఆ మాటకి ఆమె తలూపి, సరేనని వెళ్ళిపోయింది. మళ్ళీ రిహార్సల్‌కి రాలేదు.

శనివారం అతను కొండ సందు ఎక్కాడు. ఐసిల్డా వాకిట్లో బొగ్గుల కుంపటి మీద చిలగడదుంప పుడింగు ఉడుకుతోంది. ఇనుప గిన్నె కింద నిప్పులు, మూత మీద రేకు పరిచి దాని మీదా నిప్పులు. సోమవారం మైదానం దగ్గర అమ్మడానికి ఇది మూడో వాయి. డెబ్బై ఏళ్ళు వచ్చినా ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నిప్పులు సర్దే తీరు కుర్రపిల్లలా ఉంది.

"ఎవరాల్డ్! దారి తప్పావా, దేవుడు తోలాడా?"

అతన్ని అసలు పేరుతో పిలిచేది ఊళ్ళో ఆమె ఒక్కతే.

"పైన నరకం, కింద నరకం, మధ్యలో హల్లెలూయా," అన్నాడు అతను గిన్నె చూపిస్తూ. పుడింగు గురించి అందరూ అనే మాటే. "ఆ హల్లెలూయా కోసం వచ్చాను."

"సోమవారం డబ్బులిచ్చి తిను. సరే కూర్చో, మొదటి వాయిలో అంచు విరిగిన ముక్కుంది." ముక్క ఆకులో పెట్టి చేతికిచ్చింది. జాజికాయ వాసన, కొబ్బరిపాల తీపి. అతను తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"గోడ మీద నీ బొమ్మ చూశాను," అంది ఆమె. "అప్పట్లో నువ్వంత అందంగా లేవు."

"ఐసీ, ఆ పాట గురించి నీకో మాట..."

"తెల్ల దుమ్మా?" ఆమె పట్టకారుతో ఒక నిప్పు తీసి మూత మధ్యకి జరిపింది. "ఇప్పటికీ మినీబస్సులో వస్తే నవ్వొస్తుంది నాకు. శ్రుతి తప్పినదాన్ని పోయి రికార్డు ఎక్కుదామనుకున్నాను చూడు! ఒక మాట చెప్పనా? టలీ అయితే పొగిడేవాడు. పెప్పర్ అయితే మాట మార్చేవాడు. మొహం మీద ఉన్నదున్నట్టు చెప్పినవాడివి నువ్వొక్కడివే. నా పిల్లలకి కూడా చెబుతాను, నిజం కావాలంటే ఎవరాల్డ్ పినాక్‌ని అడగండి అని."

 చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. యాభై ఏళ్ళుగా ఆమె తనని తిట్టుకుంటూ ఉంటుందనుకున్నాడు, తిట్టుకోవాలనే కోరుకున్నాడు. ఆమె మెచ్చుకుంటోంది!

"మరి ఆ తర్వాత... పాడలేదా?" అన్నాడు ఎలాగో.

"శ్రుతి లేదని తెలిశాక ఎవరి చెవులకి చిల్లులు పెట్టను? చర్చిలో కూడా చప్పట్లే నావి. దేవుడికి నా చప్పట్లు చాలు." ఆమె మూత కొంచెం ఎత్తి చూసి మళ్ళీ దించింది. "తిను. నా పుడింగుకి వంక పెట్టేలా ఉన్నావే."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పడానికే వచ్చాడు. కానీ తన నిజాయితీ గురించి ఒక మనిషి అంత నమ్మకంగా మాట్లాడాక, ఆ నమ్మకాన్ని ఆమె వాకిట్లోనే పగలగొట్టే ధైర్యం లేకపోయింది. ముక్కంతా తిన్నాడు. బాగుందన్నాడు. పిరికిగా సందు దిగిపోయాడు.

ఆదివారం పొద్దున ఐసిల్డా వెళ్ళే చర్చికి వెళ్ళి ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు. అతను చర్చి మొహం చూసి ఎన్నేళ్ళయిందో. తెల్ల తలపాగాల ఆడవాళ్ళు కంజీరలు చరుస్తూ పాట ఎత్తుకున్నారు. గొంతులు బొంగురుపోయినవి, పళ్ళు లేనివి, సగం మాటలు మరిచిపోయినవి అన్నీ లేచాయి. ఒక ముసలామె ఏ స్వరానికీ చెందకుండా అరుస్తోంది, ఆమెని ఎవరూ తీసెయ్యడం లేదు. మూడో వరసలో ఐసిల్డా నిలబడి చప్పట్లు కొడుతోంది. తాళం ఒక్క పిసరు కూడా తప్పడం లేదు. నోరు మాత్రం గట్టిగా మూసుకుని ఉంది. పాట పైకి వెళ్ళే చోట గడ్డం కాస్త పైకి లేస్తోంది, అంతే. మళ్ళీ దిగిపోతోంది.

ఆ గడ్డం లేవడం అతను భరించలేకపోయాడు. బయటికొచ్చి చర్చి పక్క కల్వర్టు మీద కూర్చున్నాడు. జనం విడిపోయాక ఆమె బైబిలు చంకన పెట్టుకుని వచ్చింది.

"రెండు రోజుల్లో రెండుసార్లు. చస్తున్నావా ఏమిటి ఎవరాల్డ్?"

"కూర్చో ఐసీ."

అతని మొహం చూసి ఆమె కూర్చుంది.

"నీ శ్రుతి తప్పలేదు," అన్నాడు అతను. "బాకాలకి చోటు చాలలేదు. నా బేస్ మసకబారుతుందన్నాడు ఇంజనీరు. నీది తీసెయ్యమన్నాను. నేనే. ఆ తర్వాత నీతో అబద్ధం చెప్పాను."

రోడ్డు మీద రూటు టాక్సీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఐసిల్డా బైబిలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంజనీరు శ్రుతి గురించి ఏమీ అనలేదా?"

"అనలేదు."

"నువ్వు విన్నావా, నేను పాడినప్పుడు?"

"విన్నాను. బాగుంది."

"ఎంత బాగుంది?"

అతనికి ఏడుపొచ్చింది. "చాలా బాగుంది ఐసీ."

"పాడు," అంది ఆమె.

"ఏమిటి?"

"నేను పాడింది. నాకు గుర్తులేదు. శ్రుతి లేనిదాన్ని గుర్తు పెట్టుకోవడమెందుకని మరిచిపోయాను. టలీకి తన గొంతు తప్ప ఇంకొకరిది గుర్తుండదు, మిగిలింది నువ్వే. పాడి వినిపించు."

ఎవరాల్డ్ కళ్ళు మూసుకున్నాడు. ఆ పొద్దున, ఆ గది, మైకు ముందు చెప్పులు విప్పి నిలబడ్డ సన్నటి పిల్ల, అన్నీ కనిపించాయి. నోరు తెరిచాడు. వచ్చింది బాకా ముక్క. ఆపేసి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అదే. ఎక్కడ పట్టుకోబోయినా యాభై ఏళ్ళుగా వింటున్న ఆ ట్రోంబోనే ఎదురొస్తోంది.

"అది డాల్టన్ వాయించేది," అంది ఆమె మెల్లిగా.

"ఉండు. ఒక్క క్షణం..."

"వద్దులే ఎవరాల్డ్. నీ దగ్గర కూడా లేదు." ఆమె లేచింది. గౌను వెనక దుమ్ము దులుపుకుంది. "అయితే ఇంకెక్కడా లేనట్టే."

తిట్టలేదు, శపించలేదు. ఎండలో గొడుగైనా తెరవకుండా కొండ సందు కేసి నడిచిపోయింది.

అతను కూర్చోలేకపోయాడు. ఏదో ఒకటి చెయ్యాలి, ఇవాళే చెయ్యాలి. తిన్నగా గోడ దగ్గరకి పోయాడు. అక్షరాలు పూర్తయ్యాయి, కెరీన్ రంగు డబ్బాలకి మూతలు పెడుతోంది.

"ఇంకో మనిషిని వెయ్యాలి. ఐసిల్డా రే. మొదటి రోజు నుంచీ ఉంది."

"ముందు చెప్పొద్దూ! చోటెక్కడిది అంకుల్? నాలుగే గదా."

"నా బొమ్మ తీసెయ్యి."

"మూడు రోజుల పని! పిచ్చెక్కిందా మీకు?"

అతను ఇంక మాట్లాడలేదు. తెల్లరంగు తొట్టిలో రోలరు ముంచి, కెరీన్ అరుస్తున్నా వినకుండా, తన బొమ్మ మీద పై నుంచి కిందకి లాగాడు. ముక్కు పోయింది. ఆ పెదవుల విరుపు పోయింది. బేస్ పోయింది, వేళ్ళు పోయాయి. మోచేతుల దాకా తెల్లరంగు కారుతోంది. చాలా ఏళ్ళ తర్వాత అతనికి ఒంట్లో తేలికగా అనిపించింది. ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది.

సోమవారం పొద్దున కెరీన్ ఆ తెల్లటి భాగం మీద బొగ్గుతో ఐసిల్డా పేరు గీసి, ఆమె కోసం మనిషిని పంపింది. మొహం వెయ్యాలంటే మనిషిని చూడాలి గదా. ఐసిల్డా పుడింగు గిన్నెలు తోపుడుబండి మీద పెట్టుకుని ఎలాగూ మైదానానికే వస్తోంది. బండి ఆపి గోడ చూసింది. టలీ, తెల్లటి ఖాళీ, పెప్పర్, క్లింటన్. ఖాళీ కింద తన పేరు.

"ఏమిటిది?"

"నీ చోటు ఐసీ," అన్నాడు ఎవరాల్డ్. సంబరంగానే అన్నాడు, పాపం. "నాది తీసేశాను."

ఆమె చాలాసేపు చూసింది. చూస్తూ ఉంటే ఆమె మొహంలో నిన్న రాని కోపం ఇవాళ వచ్చింది.

"నన్నడిగావా?"

"అంటే..."

"నాలుగే ఉన్నాయి, ఒకటి తీసి ఒకటి పెట్టాలి. నేనక్కడ లేను. నువ్వే నిలబడి ఏది పోవాలో ఏది ఉండాలో తేల్చేశావు. ఆ రోజు చేసింది కూడా ఇదే కదా ఎవరాల్డ్? నాది తీసినప్పుడూ అడగలేదు, నాకు పెట్టినప్పుడూ అడగలేదు. పైగా నీ మొహం తుడుచుకుని నీకు నువ్వే హాయి చేసుకున్నావు. రాత్రి నిద్ర పట్టిందా?"

ఎవరాల్డ్ తలొంచుకున్నాడు.

"పట్టింది కదూ! నాకు పట్టలేదు."

కెరీన్ కుంచె పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిచ్చెన కేసి చూసింది. ఎవరాల్డ్ గోళ్ళలో ఇంకా తెల్లరంగు ఉంది. చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. నిజమే. ఈ రెండు రోజులూ అతను తన బరువు దించుకునే దారే వెతుక్కున్నాడు. ఆమెకేం కావాలో ఒక్కసారి కూడా అడగలేదు. యాభై ఏళ్ళ కిందటి మాటే కాదు, నిన్న కూడా.

"ఏం చెయ్యమంటావు ఐసీ?" అన్నాడు చివరికి.

ఆమె గిన్నె మీద గుడ్డ సర్దింది.

"ఆ బాకా మోగే చోట ఇవాళ ఎవరూ వాయించొద్దు. నువ్వు కూడా. ఖాళీగా వదిలెయ్యి."

"పాడతావా?"

"అది నా ఇష్టం. నాకే తెలీదు. ఖాళీ మాత్రం నాది." బండి తోసింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి కెరీన్‌తో అంది, "నా మొహం వెయ్యకమ్మా. ఆయనది మళ్ళీ వెయ్యి. పారిపోనివ్వకు."

మధ్యాహ్నం మూడింటికి మైదానం నిండిపోయింది. కొండ మీద మబ్బు పట్టింది గాని వాన దిగలేదు. కొబ్బరిబొండాలు, చేపల పొగ, భుజాల మీద పిల్లలు. స్టేజీ ముందు తోపులాట ఆపడానికి రేకుల దడి కట్టారు. దడికి ఆనుకుని, పుడింగు బండి మనవరాలికి అప్పగించి, ఐసిల్డా నిలబడింది.

తెర వెనక టలీతో ఎవరాల్డ్ ఒక్క ముక్కే చెప్పాడు. టలీ ఎగిరాడు. "బాకా లేకుండా తెల్ల దుమ్మా? ఉప్పు లేకుండా చేపలా? జనం నా ప్యాంటు లాగేస్తారు!"

"లాగనీ. లేకపోతే బేస్ ఉండదు. పాట మొత్తానికీ ఉండదు."

యాభై ఏళ్ళలో ఎవరాల్డ్ టలీకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. టలీ నోరు తెరిచి, మూసి, టోపీ సర్దుకుని స్టేజీ ఎక్కాడు.

'తెల్ల దుమ్ము' ఐదో పాట. మొదటి బేస్ స్వరానికే మైదానం గుప్పున లేచింది. క్వారీ నుంచి నాన్న తెల్లగా ఇంటికొచ్చే చరణం జనమే సగం పాడేశారు. చరణం అయింది. డాల్టన్ ట్రోంబోన్ మోకాలి మీదకి దించాడు. ఎవరాల్డ్ అరచెయ్యి తీగల మీద ఆనించి నొక్కిపట్టాడు. డ్రమ్స్ ఆగాయి. గిటారు ఆగింది.

నాలుగు మాత్రలు. జనం బాకా కోసం ఎత్తిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఎక్కడో పిల్ల ఏడుపు, సముద్రం వైపు నుంచి గాలి. "కరెంటు పోయిందా?" అని ఎవరో అరిచారు, నవ్వులు. ఐసిల్డా పెదవులు బిగించి నిలబడింది. మాత్రలు అయిపోయాయి. పాట మళ్ళీ అందుకుంది.

రెండో చరణం తర్వాత మళ్ళీ ఖాళీ. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏదో ఉందని జనానికి అనుమానం వచ్చింది. కొందరు బాకా ముక్క నోటితో అందుకోబోయారు. ఎవరాల్డ్ మైకు ముందుకొచ్చి వేలు పెదవుల మీద పెట్టాడు. స్టేజీ మీద ఎన్నడూ మాట్లాడని మనిషి అలా అడిగేసరికి వాళ్ళు ఊరుకున్నారు. ఐసిల్డా గడ్డం కాస్త లేచింది, దిగింది.

మూడో చరణం. ఇదే ఆఖరు. ఎవరాల్డ్ తీగలు నొక్కిపట్టి, యాభై ఏళ్ళుగా ఎత్తని తల ఆ చోట ఎత్తాడు. ఆమె గొంతు దగ్గర నరం కదలడం చూశాడు. ఒక మాత్ర పోయింది. రెండు. మూడు. నాలుగో దాంట్లో ఆమె నోరు తెరుచుకుంది. సన్నగా, గరగరమని, ఒక స్వరం సగం లేచింది. అది అతనికి తెలిసిన బాకా కాదు. అప్పటి ఆ పిల్లదో కాదో, అతనికి ఎప్పటికీ తెలియదు. ఇంతలో మాత్రలు అయిపోయాయి. టలీ ఆఖరి పల్లవి ఎత్తుకున్నాడు, డ్రమ్స్ విరుచుకుపడ్డాయి, ఆ సగం స్వరం వాటి కింద పడిపోయింది. ఎవరాల్డ్ చెయ్యి కదల్లేదు. అతను బేస్ అందుకోవాల్సిన చోట అందుకోలేదు. పల్లవంతా బేస్ లేకుండానే పోయింది.

పాట ముగిసింది. చప్పట్లు తటపటాయిస్తూ వచ్చాయి. టలీ మైకు చేతిలో పట్టుకుని ఎవరాల్డ్ కేసి కళ్ళెర్రజేశాడు, తర్వాతి పాట పేరు చెప్పబోయాడు.

అప్పుడు ధన్‌మని రేకు మోగింది.

పాట నచ్చి మళ్ళీ మొదటి నుంచి కావాలంటే ఇక్కడ నోటితో అడగరు, చేతికందిన రేకు చరుస్తారు. ఐసిల్డా దడి మీద అరచేత్తో చరుస్తోంది. ఒకటి. రెండు. మూడు. చప్పట్లు కొట్టీ కొట్టీ గట్టిపడ్డ చెయ్యి. మొహంలో నవ్వు లేదు, క్షమాపణ లేదు. సమయానికి అందుకోలేకపోయిన గాయని తన మీద తాను పడే చిరాకు ఉంది, అంతే. పక్కనున్న ముసలామె ఎందుకో ఏమిటో తెలియకుండానే తానూ చరిచింది. ఆ వెనక ఇంకో చెయ్యి. దడి పొడవునా రేకులు దద్దరిల్లాయి.

"ఎవరిదా చెయ్యి?" అన్నాడు టలీ.

ఎవరాల్డ్ దడి కేసి చూశాడు. ఐసిల్డా ఇంకా చరుస్తూనే ఉంది. రెండో చెయ్యి గొంతు మీద వేసుకుని సవరించుకుంటోంది. ఈసారి పాడుతుందో లేదో, పాడితే అతన్ని క్షమించినట్టో కాదో, అడిగే హక్కు అతనికి లేదు. డ్రమ్మర్ కర్రలెత్తి అతని కోసం చూస్తున్నాడు. ఎవరాల్డ్ పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.